పొద్దు వాలినంక మన గురి ఏంది?

(జైనూర్‌లో పెద్దమనుషులు, కార్యకర్తలు కూడిన సభలో ఒక పెద్దాయన మాట్లాడిన మాటలు. మాట్లాడినట్టే ఉంచి, అక్కడక్కడ మాత్రమే సరిచేసినం.)



వయసు మళ్ళినంక మనిషికి గురి ఏముండాలె అనే ముచ్చట మీద నన్ను మాట్లాడుమన్నరు. ఈ ప్రశ్న మన వాడలల్ల ఎవరూ ఎవరినీ అడగరు. పట్నంల పెద్ద నౌకరి చేసి దిగినోళ్ళను అడుగుతరు. వాళ్ళు కాశి పోత అంటరు, తోట పెంచుత అంటరు, సంగీతం నేర్సుకుంట అంటరు. తప్పేం లేదు, చేసుకోనియ్యండి. కాని జీతమున్నోనికి, కూలికి పోయేటామెకు నౌకరి దిగుడు అన్నదే లేదు. చెయ్యి ఆడని నాడే మన నౌకరి దిగినట్టు. ఆ నాటి నుండి ఇంట్ల మనల్ని అడిగేది ఒక్కటే: "తిన్నవా?" అది గూడ అడిగే కొడుకు, కోడలు ఉంటేనే.

సర్కారు మాత్రం మనల్ని తొందరగనే ముసలోళ్ళను చేసింది. 2022ల ఆసరా పింఛను వయసు 65 నుండి 57కు దించిన్రు. మంచి పనే, కాదనను. కాని ఆ పింఛను తీసుకునేటప్పుడు మిషిను మీద వేలు పెట్టాల్సి వచ్చింది. పత్తి ఏరి, రాళ్ళు మోసి, గీతలు అరిగిపోయిన వేలు ఆ మిషినుకు ఆనలే. బతుకంత పనిచేసిన గుర్తే, పని చేసినోడు వీడేనా అని అనుమానం పుట్టించింది. ఈ ముచ్చట యాదికి పెట్టుకోండి. మనిషి ఉన్నడు, రుజువు లేదు. మన కథ మొత్తం ఇంతే.

ఈ సభకు వచ్చే ముందు మన వాడల కొందరు ముసలోళ్ళను అడిగి చూసిన. "నీకేం కావాలె? ఇగ ఉన్న కాలంల ఏం చెయ్యాలనుకున్నవు?" అని. ఒకామె చిన్న బిడ్డ పెండ్లి అన్నది. ఒకాయన కొడుక్కు పక్కా నౌకరి అన్నడు. ఒకరు ఇల్లు. ఇద్దరు అప్పు తీర్చి పోవాలె అన్నరు. ఒక్క ముసలాయన మాత్రం చానసేపు ఏం మాట్లాడలే. కడకు, "బొందలగడ్డకు జాగ ఖాయం చెయ్యాలె, మా అయ్యను పెట్టిన కాడనే నన్ను పెట్టాలె" అన్నడు. ఇవన్నీ మంచి కోరికలే. వీటిల్ల ఒక్కటి గూడ తన కోసం అడిగింది కాదు, బొందలగడ్డ సుత. కాని నాకు అనిపించిందేందంటే, ఇవి గురులు కావు, బాకీలు. పుట్టిన నాటి నుండి మన గురి వేరేటోళ్ళే పెట్టిన్రు. పొద్దుగాల లేస్తే పటేలు ఇంటి పని, పట్వారి మూట, షావుకారి వడ్డీ. నిజాం కాలంల వెట్టి, తర్వాత బాకీ, ఇప్పుడు ఫైనాన్సు. మధ్యల మనం "నాకేం కావాలె" అని కూసోని ఆలోచించుకునే పూట దొరకలే. ముసలితనంల ఆ పూట దొరికింది. దొరికిన పూటను ఏం చెయ్యాలె?

బాబాసాహెబును చూద్దాం. గోడ మీద ఫోటో కట్టుకొని దండలేసుడు కాదు, అరువై ఏండ్లు దాటినంక ఆయన ఏం చేసిండో చూద్దాం. 1951ల మంత్రి పదవికి రాజీనామ ఇచ్చిండు, హిందూ కోడ్ బిల్లును ముందుకు పోనియ్యలేదని. అప్పటికి ఆయనకు 60 ఏండ్లు. 1952 ఎలక్షన్ల బొంబాయిల ఓడిపోయిండు. 1954ల భండారా ఉప ఎన్నికల మళ్ళ ఓడిపోయిండు. రాజ్యాంగం రాసిన మనిషి రెండుసార్లు ఓడిపోయిండు, ఇది మన పిల్లలకు ఎవరూ చెప్పరు. షుగరు బీమారి, కాళ్ళ నొప్పులు, పట్టుకోనిదే నడువలేని పరిస్థితి. ఇంకొకరైతే, ఇగ సాలు అని పండుకుందురు. 1953 జనవరి 12న ఉస్మానియా యూనివర్సిటీ హైదరాబాదుల గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ సన్మానాలతోటి గూడ కాలం వెళ్ళదీయొచ్చు.

ఆయన ముంగట అప్పుడు చాన పనులున్నయి. కొత్త పార్టీ పెట్టాలె. బుద్ధుని మీద పుస్తకం కావాలె. కాలేజీలు నిలబడాలె. ఔరంగాబాదుల 1950ల మొదలుపెట్టిన కాలేజీ ఉండె. ఔరంగాబాదు గూడ అప్పుడు మన ఆదిలాబాదు లెక్కనే హైదరాబాదు రాష్ట్రంల భాగం, చదువు మన దాంక రాని ఇలాఖ అనే ఆయన దాన్ని అక్కడ పెట్టిండు. ఇవన్నిటితోటి పాటు ఒక పాత మాట ఉండె. 1935 అక్టోబర్ 13న యేవలా సభల అన్నడు, హిందువుగ పుట్టిన గాని హిందువుగ చావను అని. ఆ మాటకు ఇరవై ఒక్క ఏండ్లు అయింది. అవతలోళ్ళు ఎకసెక్కాలు ఆడిన్రు, మనోళ్ళు కొందరు మర్చిపోయిన్రు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌ల దీక్ష తీసుకున్నడు. 16న చాందాల, అంటే ఇప్పటి చంద్రపూర్‌ల, మళ్ళ దీక్ష ఇచ్చిండు. మన జిల్లా దాటితే వచ్చేది అదే జిల్లా. డిసెంబర్ 6న ఢిల్లీల పోయిండు. మధ్యల ఎన్ని రోజులు? యాభై మూడు రోజులు. పుస్తకం ఆయన పోయినంక 1957ల అచ్చయింది. రిపబ్లికన్ పార్టీ గూడ 1957ల, ఆయన లేనప్పుడే ఏర్పడ్డది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలె. పార్టీ వేరేటోళ్ళు పెట్టొచ్చు, పెట్టిన్రు. పుస్తకం రాసిపెడితే అచ్చు వేరేటోళ్ళు వేయొచ్చు, వేసిన్రు. కాని యేవలాల మాట ఇచ్చింది ఆయన. ఆ మాట ఆయన తరఫున ఇంకొకరు తీర్చలేరు. వేరేటోళ్ళు చెయ్యలేనిది ఏదో అది తన చేతులతోటి చేసి పోయిండు. నేను ఈ వయసుల ఆయన దగ్గర నేర్సుకున్నది ఇదే. "ఇంకా ఏమేం మిగిలినయి" అని లెక్క పెట్టుకుంటే గుండె జారిపోతది. "నేను తప్ప ఇంకొకరు చెయ్యలేనిది ఏది" అని అడగాలె. అప్పుడు లిస్టు చిన్నగైతది.

మరి మన అసొంటోళ్ళకు అట్లాంటిది ఏమన్న ఉన్నదా? ఉన్నది. చెప్త. దానికి ముందు మన మండలంలనే ఉన్న మార్లవాయి సంగతి ఒకటి.

మార్లవాయిల హైమన్‌డార్ఫ్ దొర, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఉన్నరని మీ అందరికి ఎరుకే. జోడేఘాట్‌ల కొమురం భీం చనిపోయినంక, 1940లల్ల నిజాం సర్కారు ఆయనను ఇక్కడికి పంపింది. మనకు దొరలను పొగిడే అలవాటు లేదు, నేను పొగడ. ఆయనకు కలమున్నది, కాయితమున్నది, సర్కారు వెనుక ఉన్నది. కాని ఒక పని మాత్రం నాకు నచ్చింది. 1976ల లండన్‌ల ప్రొఫెసర్ నౌకరి దిగిండు. దిగినంక మళ్ళ ఇవే ఊర్లకు వచ్చిండు. ముప్ఫై ఐదేండ్ల కింద తను చూసినప్పుడు భూమి ఎవరి చేతుల ఉండె, ఇప్పుడు ఎవరి చేతుల ఉన్నది అని చూసి రాసిండు. 1982ల ఆ పుస్తకం అచ్చయింది. ఆదివాసుల భూములు బయటోళ్ళ పాలెట్లయినయో అందుల ఉన్నది. రెండు కాలాలు కండ్లతోటి చూసిన మనిషి కనుకనే అది రాయగలిగిండు. బెట్టీ 1987ల పోతే మార్లవాయిలనే మట్టి చేసిన్రు. ఆయన 1995ల పోయిండు, ఆయన అస్థికలు గూడ తర్వాత ఆమె పక్కకే చేరినయి.

రెండు కాలాలు చూసినోళ్ళు ఈ సభల ఎంతమంది ఉన్నరు? తల నెరిసినోళ్ళంత అంతే. కాని మనల్ని ఎవరు అడిగిన్రు? ఇగ అసలు ముచ్చటకు వస్త.

మనం ఏజెన్సీల ఉన్న దళితులం. మాలలు, మాదిగలు, మాంగులు, మహార్లు, నేతకానోళ్ళు. ఇక్కడ 1/70 చట్టమున్నది. ఏజెన్సీల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారొద్దు. ఆ చట్టం కావాలె. అది లేకపోతే ఆదివాసులకు గుంట భూమి మిగిలేది కాదు, ఉన్నా ఎంత మిగిలిందో మీరే చూస్తున్నరు. దాన్ని తియ్యమని అడిగేటోడు మన మనిషి కాదు, వాని వెనుక షావుకారి ఉంటడు. కాని ఆ చట్టం ముంగట షావుకారి, మాంగోడు ఇద్దరూ ఒకటే గంపల పడ్డరు, "గిరిజనేతరులు" అని. ఒకడు వడ్డీకి భూమి గుంజుకున్నోడు. ఇంకొకడు తాతల నాటి నుండి ఊరి చివర డప్పు కొట్టి, చీపుర్లు అల్లి, కూలి చేసి, అడవి అంచుల ఇంత చెలక కొట్టుకున్నోడు.

2006 అటవీ హక్కుల చట్టంల మన అసొంటోళ్ళకు ఒక సందు ఉన్నది. ఆదివాసులు కానోళ్ళు గూడ అడవి మీద ఆధారపడి బతికేటోళ్ళయితే హక్కు అడగొచ్చు. కాని షరతు గట్టిది. 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాల నుండి అక్కడ ఉండాలె. తరానికి 25 ఏండ్లని లెక్క పెట్టిన్రు, అంటే 75 ఏండ్లు. 1930 నుండి ఉన్నట్టు రుజువు కావాలె. 2023 జూన్ 30న ఆసిఫాబాదులనే పోడు పట్టాల పంపకం మొదలుపెట్టిన్రు కద, అవి గిరిజనులకు. మనల్ని మాత్రం డెబ్బై ఐదేండ్ల రుజువు ఎక్కడ అన్నరు.

1930 కాయితం మన దగ్గర ఎట్లుంటది? పట్వారి మన పేరు రాసిండా? రాస్తే పహాణిల రాసిండా, వెట్టి లిస్టుల రాసిండా? అందుకే చానమంది దరఖాస్తే పెట్టకుండ ఊకున్నరు.

కాని ఈ చట్టం రూల్స్ 2008 జనవరిల వచ్చినయి, వాటిల్ల పదమూడో రూలు చదువుకున్నోళ్ళతోటి చదివించుకోండి. రుజువులు అంటే కాయితాలే కాదు. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రశీదు సరే. వాటితోటి పాటు పాత బావులు, బొందలగడ్డలు, దేవుని జాగలు రుజువే. కట్టిన ఒడ్డు, చదును చేసిన చెలక రుజువే. వంశం పేర్లు పాత రికార్డు దాంక కలిపి చూపితే రుజువే. ఇంకొకటి: దరఖాస్తు పెట్టినోడు కాని వేరే పెద్దమనుషులు చెప్పిన మాట, కాయితం మీద రాస్తే, అది రుజువే. ఒక్కటి చాలదు, ఒకటి కంటె ఎక్కువ కావాలె. ఫలానా కాయితమే తెమ్మని పట్టుబట్టొద్దని 2012ల రూల్స్ సవరించి మళ్ళ చెప్పిన్రు.

బొందలగడ్డ అడిగిన ముసలాయన ముచ్చట ఇందాక చెప్పిన. ఆయన అడిగింది తన కోసమే అనుకున్నడు. కాని ఆ బొందలే వాడ మొత్తానికి రుజువు. ఎవరి బొంద ఎక్కడున్నదో, ఏ యేడు తవ్విన్రో ఆయనకు యాదికున్నది. ఆయన పోతే అది ఉత్త గడ్డి జాగ. ట్రాక్టరు పెట్టి దున్నేటోడు పక్కనే తయారుగ ఉన్నడు.

ఇంకో సంగతి చూడండి. "దరఖాస్తు పెట్టినోడు కాని పెద్దమనిషి" అన్నడు. అంటే నీ చెలకకు నువ్వు సాక్షివి కావు. పక్కోని చెలకకు నువ్వు సాక్షివి, నీ చెలకకు వాడు సాక్షి. మాదిగాయన మాంగాయనకు చెప్పాలె, నేతకానామె మాలామెకు చెప్పాలె. వాడకు వాడకు మధ్య మాటలు లేకపోతే ఈ రుజువు పుట్టనే పుట్టది. గోండు పటేలు, కొలాం పెద్దమనిషి మన గురించి చెప్తే అది ఇంకా గట్టిది. ఎందుకంటే గ్రామసభల వాళ్ళు లేనిదే పని కాదు. వాళ్ళతోటి కొట్లాడి మనకు హక్కు రాదు. అందుకని నేను ఖరాఖండిగ చెప్తున్న: ఎన్నడు వచ్చినమో అంతే చెప్పాలె. పోలీస్ యాక్షన్ తర్వాత వచ్చినోడు నిజాం కాలం నుండి ఉన్న అని చెప్తే, ఆ అబద్ధం రేపు ఇంకొకనికి దారి ఐతది, వాడు లారీల మీద వచ్చినోడు. మనం ఒక్క అబద్ధం చెప్తే నిజం చెప్పేటోని మాట గూడ చెల్లది.

మరి ఎవరికి యాదికున్నది 1930? ఆనాడు పదేండ్ల పిల్లకు ఇప్పుడు నూరు దాటాలె. లేరు. కాని అరువై, డెబ్బై, ఎనభై ఏండ్ల మనం వాళ్ళ నోటితోటి ఇన్నోళ్ళం. మన తర్వాత ఇన్నోడు లేడు. మన పిల్లలు హైదరాబాదుల, భీవండిల, బల్లార్షాల ఉన్నరు. వాళ్ళకు తాత పేరు ఎరుక, ముత్తాత పేరు ఎరుక లేదు. ఇందాక అడిగిన కద, మనం తప్ప ఇంకొకరు చెయ్యలేనిది ఏందని. ఇది.

మా అవ్వ మంత్రసాని. వాడల, ఊర్లె, గూడెంల, పిలిచిన కాడికి పోయేది. లోపలికి రానిచ్చినోళ్ళు కొందరు, కాన్పు అయినంక ఇల్లు కడుక్కున్నోళ్ళు కొందరు. ఆమెకు అక్షరం రాదు. కాని ఎవలు ఎవలకంటె ఎన్ని నెలలు పెద్దో చెప్పేది. "వాడు కలరా వచ్చిన యేడు పుట్టిండు. దాని మొదటి కాన్పు రజాకార్ల గడబిడల." మా అయ్య చావు కబురు మోసేది, బొంద తవ్వేది, డప్పు కొట్టేది. పుట్టుక మా అవ్వ చేతుల, చావు మా అయ్య చేతుల. ఊరోళ్ళు మనల్ని ఊరి అవతల పెట్టిన్రు, కాని పుట్టుకకు పిలిచిన్రు, పెండ్లికి పిలిచిన్రు, పీనుగుకు పిలిచిన్రు. రాయొద్దని మన చేతికి పలక ఇయ్యలే. కాని యాదిని ఎట్ల గుంజుకుంటరు? పట్వారి రిజిస్టరుల భూమి ఉన్నోళ్ళే ఉన్నరు. ఊర్లె పుట్టి సచ్చిన అందరూ ఉన్న రిజిస్టరు మనమే.

నోటి మాటకు ఏం విలువ అంటరు కొందరు సదువుకున్న తమ్ముళ్ళు. జోడేఘాట్ చూడుండ్రి. భీం ఏ తేదీన చనిపోయిండో పుస్తకాల్ల ఒక్కొక్కరు ఒక్కొక్కటి రాసిన్రు. ఆదివాసులు మాత్రం ఆశ్వయుజ పౌర్ణమి అన్నరు, ఏటేట ఆనాడే కూడిన్రు. ఇప్పుడు మంత్రులు, కలెక్టర్లు గూడ ఆ పౌర్ణమి నాడే జోడేఘాట్‌కు వస్తరు.

దూరదేశం సంగతి ఒకటి. కెనడాల గిట్‌సన్, వెట్సువెటెన్ అనే మూలవాసులు భూమి కోసం కోర్టుకెక్కిన్రు. 1987ల విచారణ మొదలైంది. ముసలోళ్ళు వచ్చి తరాల నాటి కథలు చెప్పిన్రు. ఒక ముసలామె సాక్ష్యంల పాట పాడింది, ఎందుకంటే వాళ్ళ భూమి రికార్డు ఆ పాటలనే ఉన్నది. కోర్టుల పాటేంది అని జడ్జి అడ్డం చెప్పిండు. 1991 తీర్పుల ఆ నోటి చరిత్రకు విలువ ఇయ్యలే. వాళ్ళు ఊకోలే. 1997 డిసెంబర్ 11న వాళ్ళ సుప్రీంకోర్టు, కాయితాల లెక్కనే నోటి చరిత్రకూ విలువ ఇయ్యాలె, కేసు మళ్ళ మొదటి నుండి చూడాలె అన్నది. ముసలోళ్ళు పదేండ్ల ముందే చెప్పి పెట్టకపోతే సుప్రీంకోర్టు దేనికి విలువ కట్టేది?

కార్యకర్తలకు రెండు మాటలు. అమెరికాల 1936 నుండి 1938 దాంక, ఒకప్పుడు బానిసలుగ ఉన్న నల్లజాతి ముసలోళ్ళ మాటలు సర్కారే రాయించింది. రెండువేల మూడువందలకు పైన ఉన్నయి. గొప్ప పని. కాని రాసుకున్నోళ్ళల్ల ఎక్కువమంది తెల్లోళ్ళు. వాళ్ళ ముంగట ముసలోళ్ళు అన్నీ చెప్పలేదని తర్వాత చదివినోళ్ళకు అర్థమైంది. మన దగ్గర గూడ అంతే. పట్వారి కొడుకు వచ్చి అడిగితే మా అయ్య ఏం చెప్తడు? "దొరా, బాగనే చూసుకున్నరు" అంటడు. అందుకని మన పిల్లలే అడగాలె. మనవరాలు అడిగితే ఇంకా మంచిది, ముసలోళ్ళు మనవరాండ్లకు దాచరు.

అడిగేటప్పుడు "ఏ సంవత్సరం?" అని అడగకండి. ఎవరికీ ఎరుక ఉండది, సిగ్గుపడి మాట ఆపేస్తరు. "భీం కొట్లాటకు ముందా, తర్వాతనా?" అనుండ్రి, అది 1940. "పోలీస్ యాక్షన్ నాటికి నువ్వు నడుస్తున్నవా, చంకల ఉన్నవా?" అనుండ్రి, అది 1948. 72 కరువు, 1981 ఏప్రిల్ 20 ఇంద్రవెల్లి కాల్పులు, ఇవన్నీ మొలలు కొట్టిన గుర్తులు. "భీం లేచిన నాటికి మా అయ్యకు పెండ్లయింది, ఈ వాడలనే పందిరేసిన్రు" అని ఒక అవ్వ అంటే, ఆయన 1930ల ఇక్కడ పిల్లగాడు అన్న లెక్కకు దారి దొరికినట్టే. చెప్పిన మాట చెప్పినట్టే రాయాలె. మరాఠిల చెప్తే మరాఠిల, గోండిల చెప్తే గోండిల. మనం దిద్ది పుస్తకాల భాషల పెడితే అది అవ్వ మాట కాదు. రాసింది చదివి వినిపించినంకనే వేలిముద్ర వేయించుకోండి. ఈ వేలిముద్రకు మిషిను లేదు, సిరా చాలు. అడిగేటప్పుడు ఆడోళ్ళను ఇడిచిపెట్టకండి. వాళ్ళు వేరే ఊరి నుండి వచ్చినోళ్ళు, వాళ్ళకేం ఎరుక అంటరు మగోళ్ళు. ఆమె ఏ ఊరి నుండి ఈ ఊరికి కోడలుగ వచ్చిందో అదే మీ అత్తమామలు ఇక్కడ ఉన్నట్టు రుజువు కాదా?

సదాలక్ష్మమ్మ మీకు ఎరుకే. మంత్రిగ చేసింది, అసెంబ్లీల ఉపసభాపతిగ చేసింది. అవన్నీ అయిపోయినంక, అరువై ఏండ్లు దాటినంక, దండోరతోటి నడిచింది. వర్గీకరణ మీద మనలో మనకు పేచీలున్నయి, ఆ పేచీ ఇయ్యాల నా ముచ్చట కాదు. ఆమె 2004ల పోయింది. అదే యేడు నవంబరుల సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చెల్లుతదన్నది, 2025 ఏప్రిల్ 14 నుండి తెలంగాణల అమలైంది. ఆమె చూసుకోలే. కాని ఆమె బతికుండంగనే గోగు శ్యామల పక్కన కూసోని ఆమె మాటలు రాసుకున్నది. 2011ల "నేనే బలాన్ని" అని పుస్తకం వచ్చింది. ఆ రాసుకునుడే లేకపోతే ఆమెను ఇయ్యాల ఫోటోల మాత్రమే చూస్తుంటిమి.

ముసలోళ్ళకు ఒక మాట, కోపం చేసుకోకండి. సంఘంల అధ్యక్షుని కుర్చీ మనం తప్ప ఇంకొకరు కూసోలేనిది కాదు. ఆడపిల్లలు డిగ్రీలు చదివి ఇంట్ల ఉన్నరు, వాళ్ళను కూసోనియ్యండి. కలెక్టరాఫీసుకు వాళ్ళు తిరుగుతరు, ఫారాలు వాళ్ళు నింపుతరు. మన పని వేరే ఉన్నది, అది కుర్చీల కూసోని అయ్యేది కాదు.

నా సంగతి అంటరా. నాకు 68. ఆశ్రమ పాఠశాలల వంట చేసి దిగిన. ఇగ నాకు కాశి లేదు, తోట లేదు. మా బొందలగడ్డల నాకు ఎరుకైన బొందలు నలభై దాంక ఉన్నయి. ఒక్కొక్క దాని కాడ రాయి పెట్టి, పేరు రాయించి, పటం గీయించాలె. నాకంటె పెద్దోళ్ళు ఇద్దరున్నరు, వాళ్ళకు ఇంకొన్ని ఎరుక. వాళ్ళల్ల ఒకాయనకు దమ్ము బీమారి, చలికాలం దాంక ఆగేటట్టు లేదు. అందుకని వచ్చే ఆదివారం పొద్దుగాలనే, ఎండ ఎక్కకముందే, ఆయనను ఆటోల కూసోబెట్టుకొని బొందలగడ్డకు తీస్కపోత. పక్క వాడోళ్ళు గూడ రాండ్రి, ఆయనకు సాక్షులు మీరే కావాలె. గోండు గూడెం పటేలుకు నేను మొన్ననే చెప్పిన, వస్త అన్నడు. నోటుబుక్కు, సిరా డబ్బి నేను తెస్త. రాసే చెయ్యి ఉన్న పిల్లలు ఇద్దరు కావాలె, ఎవరు వస్తరో ఇప్పుడే చెయ్యి లేపుండ్రి.

జై భీమ్.